రాకాసి వడిసెలకు నిజపరీక్ష

నీలగండ దుర్గం పడమటి బురుజు కుప్పకూలింది.

కూలింది ఇసుకలో కట్టిన మట్టిబొమ్మే. అయినా అసలు కోటగోడల మీద కిక్కిరిసి నిలబడ్డ జనమంతా ఒక్క గొంతుతో "అయ్యయ్యో!" అన్నారు. అనరా మరి! ఆ రాజ్యాల్లో యుద్ధమంటే అదే. పూర్వం రాజులు నిజంగానే కోటలు ముట్టడించేవారు. లోపల ఉన్నవాళ్ళు తిండి లేక, బయట ఉన్నవాళ్ళు రోగాలొచ్చి చచ్చేవారు. చివరికి ఏ కోటలోనూ దీపం పెట్టే దిక్కు లేకుండా పోతుంటే రాజులంతా కూర్చుని ఒట్టు పెట్టుకున్నారు. ఇకమీదట కోట కావాలన్నవాడు ఆ కోట ఎదుటే ఇసుకవేదిక మీద దుర్గక్రీడ ఆడి గెలవాలి. ఓడినవాళ్ళు పొద్దు గుంకేలోగా మూటాముల్లే సర్దుకుని కోట ఖాళీ చెయ్యాలి. నెత్తురు చుక్క నేల రాలకూడదు.

ఆ వేదికను చూడాలి! వెన్నెల పిండి పోసినట్టు తెల్లని ఇసుక. దాని మధ్య బురుజులు, అగడ్త, సింహద్వారంతో సహా నీలగండ దుర్గం చిన్నరూపం. చుట్టూ దంతపు ఏనుగులు, చందనపు గుర్రాలు, పగడపు టోపీల కాల్బంటులు. వేదికకు నాలుగు మూలలా పట్టుగొడుగులు, గొడుగుల కింద రాజ్యాల సాక్షులు. వాళ్ళ వెనక, ఈ కోట మీదికి వచ్చిన ఉగ్రపురి నగారాలు, ఒక్కొక్కటీ ధాన్యపు గాదె అంత. ఇంత వైభవం మధ్యనా అందరి కళ్ళూ ఒకే రకం పావు మీద ఉన్నాయి. నల్లచేవ కర్రతో చెక్కిన పావు. పేరు రాకాసి వడిసెల. అంటే కొండరాళ్ళు విసిరే యంత్రమన్నమాట. అది గుర్రంతో సమానంగా పరుగెత్తుతుంది. మూడు విసుర్లు విసిరితే ఎంతటి గోడైనా కూలినట్టే లెక్క.

నీలగండం తరఫున ఆడుతున్నది ఇందుధరుడనే పరదేశి యువకుడు. ఎర్రని తలపాగా, నూనూగు మీసం. ఆ మీసం ఉదయమే కాటుకతో దిద్దిందని తెలిసినవాడు ఒక్క తిమ్మన్నే. ఎందుకంటే దిద్దింది అతనే. ఆ యువకుడు నిజానికి నీలగండం రాకుమారి ఇందీవర. తిమ్మన్న ఆమెను చిన్ననాటి నుంచి భుజాన మోసి పెంచిన అంగరక్షకుడు.

వేషం ఎందుకంటే, కోటకు చెందిన రాజవంశీకులు తమ కోట కోసం తాము ఆడరాదని కట్టుబాటు. వాళ్ళు ఆడితే ఓటమి ఒప్పుకోరనీ, ఆట మధ్యలో కత్తి దూస్తారనీ పెద్దల భయం. అందుకే నీలగండం వాళ్ళు చిత్రాంగుడనే మేటి ఆటగాణ్ణి నియమించి, అతని పేరు సాక్షుల ఎదుట చాటించారు. ఉగ్రపురి మాంత్రికుడు ధూమ్రకేశుడు ఊరుకుంటాడా? నిన్న అడవిదారిలో కాపు కాసి, చిత్రాంగుడి మీద గుప్పెడు బూడిద చల్లి ఎద్దుగా మార్చేశాడు. కసాయివాడికి అప్పగించమని సేవకులకు చెప్పి తన దారిన తాను పోయాడు. చిత్రాంగుడికి ఎదురువెళ్ళి అంతా చాటు నుంచి చూసి, ఆ సేవకుల చేతుల్లోంచి తాడు లాక్కుని ఎద్దును తప్పించి తెచ్చింది ఇందీవరే. చిత్రాంగుడు జబ్బుపడ్డాడని చెప్పి, అతని శిష్యుణ్ణని పీట మీద కూర్చుంది. ఎద్దుకు గవ్వల పట్టెడ, రంగుబట్ట కప్పి, తిమ్మన్న గంగిరెద్దులవాడి వేషం కట్టాడు. ఏ ఎత్తు మంచిదో ఎద్దు తలూపి చెబుతుందనుకున్నారు. తీరా చూస్తే, ఇందీవర ఏ పావు మీద చెయ్యి వేసినా ఎద్దు అడ్డంగానే తలూపుతోంది!

"ఓరి నీ తస్సాదియ్యా! ఒక్కదానికైనా సరే అనవయ్యా మహానుభావా," అని తిమ్మన్న ఎద్దు చెవిలో గొణిగాడు.

ఎదుటి పీట మీద ఉన్నవాడు ఉగ్రపురి సేనాని వజ్రకేతుడు. పాతికేళ్ళు నిండని వాడు, వెడల్పాటి భుజాలు, అలసిన కళ్ళు. అతని వైపు ఏనుగుల్లేవు, గుర్రాల్లేవు. అటువైపు నిండా వడిసెలలే! మరో వడిసెలను ముందుకు తోస్తూ, ఎవరికీ వినబడకుండా అన్నాడు:

"నన్ను తిట్టుకోకు మిత్రమా. ఇది ఆట కాదని నాకూ తెలుసు. ఈ పావునే తొయ్యమని మా ప్రభువు ఆజ్ఞ. తోస్తున్నాను, కోటలు పడిపోతున్నాయి. ఆ ఊళ్ళ నుంచి మూటలెత్తుకుని పోయేవాళ్ళ ముఖాలు చూడలేక చస్తున్నాను."

ఆ మూటలెత్తుకున్న వాళ్ళంతా ఇప్పుడు నీలగండంలోనే తలదాచుకున్నారు. ఈ కోట కూడా పోతే, వెనక ఉన్నది నీళ్ళు లేని ఎడారి. చంటిబిడ్డలతో, ముసలివాళ్ళతో అందులోకి నడవాలి. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెయ్యకపోతే అంతే సంగతులు.

ఆలోచిస్తూ ఇందీవర, ఆటలో తాను గెలుచుకున్న శత్రువడిసెలను చేతిలోకి తీసుకుంది. పొట్టిచెయ్యి, చదునైన పీఠం, పైదూలానికి నడుమ బొటనవేలు సరిగ్గా ఆనేటంత గుంట. ఆడేవాళ్ళ పట్టు జారకుండా చెక్కిన గుంట అది. అనుకోకుండా ఎద్దు వైపు చూసింది. ఎద్దు నిలువుగా తలూపుతోంది! గవ్వలు గలగలమనేలా, మెడ విరుగుతుందేమో అన్నంతగా!

ఇందీవరకు చప్పున వెలిగింది. లేచి నిలబడి చేతిలోని పావును ఎత్తి చూపుతూ, "ఆటపెద్దమ్మా! ఈ పావు బలం మీద నాకు అనుమానం ఉంది. నిజపరీక్ష కోరుతున్నాను," అంది.

నగారాలు ఆగిపోయాయి. సాక్షులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వేదిక తలాపున పులితోలు మీద కూర్చున్న నాగసానమ్మ మెల్లగా తలెత్తింది. దుర్గక్రీడకు నియమాలు కాపాడే ఆటపెద్ద ఆమె. ముగ్గుబుట్ట లాంటి తల, ముడతల్లో దాగిన చురుకైన కళ్ళు.

"నాయనా, ఆ పావుకి అంత బలం ఇచ్చింది మా అవ్వ. ఎందుకిచ్చిందో తెలుసా?" అంది. "మొదట్లో వడిసెల ఉన్నదున్నట్టే ఉండేది. బురదలో దిగబడేది, మోకులు తెగేవి. గోడ కూలేసరికి ఏడాది పట్టేది. ఆట తెమలక, విసిగిపోయిన రాజులు మళ్ళీ కత్తులు పట్టారు. అప్పుడు మా అవ్వ, పోనీ పాపం, పొద్దు గుంకేలోగా తేలిపోవాలి, జనం బతకాలి అని దానికి కాళ్ళిచ్చింది. ఉన్న నిజమంతా ఆటలో పోస్తే అది ఆట కాదయ్యా, బతుకై కూర్చుంటుంది."

"అవ్వగారి మనసు బంగారం. కాదనను," అంది ఇందీవర. "కానీ అమ్మా, పులుసులో ఉప్పు వెయ్యకపోయినా తినలేం, ఉప్పే పులుసైనా తినలేం. ఇప్పుడు వేదిక మీద ఉగ్రపురి వైపు చూడండి. ఏనుగేది, గుర్రమేది? అన్నీ వడిసెలలే! జనం బతకాలని ఇచ్చిన బలం జనాన్నే ఎడారికి తరుముతోంది."

నాగసానమ్మ వేదికను చూసింది. ఆమె కళ్ళు చెమర్చాయి. "నిజపరీక్ష అడిగినవాడు ఎక్కడ నిలబడాలో తెలుసు కదూ?"

"తెలుసు. అసలు గోడ మీద, అసలు వడిసెలకు ఎదురుగా. మూడు రాళ్ళు పడేదాకా గోడ దిగరాదు. దిగితే ఓడినట్టే. గోడ నిలిస్తే పావు బలం తగ్గించాలి."

"తలపాగా తీసి నేలపెట్టినా ఓడినట్టే. ఆటలోనైనా పరీక్షలోనైనా అదే కట్టుబాటు. మళ్ళీ ఆలోచించుకో నాయనా. చిన్నవాడివి."

వజ్రకేతుడి వెనక కూర్చున్న ధూమ్రకేశుడు పకపకా నవ్వాడు. పొగచూరిన జడలు, మెడలో బూడిదసంచి. అంతదాకా కళ్ళు మూసుకుని ఏదో జపిస్తున్నవాడు ఇప్పుడు లేచి నిలబడ్డాడు. "కుర్రకుంకకు చావు మూడింది! తోలుకు రండి మన రాకాసిని!"

తరతరాలుగా ఇసుకలో ఆడుకోవడమే కానీ నిజమైన వడిసెల ఎలా ఉంటుందో ఎరిగినవాడు ఆ రాజ్యాల్లో ఒక్కడూ మిగల్లేదు. ఉగ్రపురివాళ్ళ దగ్గర మాత్రం ఒకటి ఉంది. గెలిచిన ఊళ్ళలో ఊరేగించి జనాన్ని బెదిరించడానికి చేయించుకున్నది. ఒక్క రాయి కూడా విసిరి ఎరగదు. దాన్ని లాగడానికి ఎడ్లు చాలకపోతే, బంట్లు వచ్చి తిమ్మన్న చేతిలోంచి గంగిరెద్దు తాడు గుంజుకున్నారు.

"అయ్యా, అది ఆడే ఎద్దండీ, లాగే ఎద్దు కాదు! సుకుమారం బాబూ!" అని తిమ్మన్న మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? గట్టిగా అడ్డుపడితే మాంత్రికుడి కన్ను పడుతుంది. పాపం చిత్రాంగుణ్ణి యంత్రానికి అతి దగ్గరి కాడికి కట్టేశారు. జీవితమంతా పీట మీద కూర్చుని ఎత్తులు వేసినవాడు, ఇప్పుడు కాడి కింద మెడవంచి బరువు లాగుతున్నాడు.

ఇందీవర పడమటి బురుజు ఎక్కి యంత్రాన్ని తేరిపార చూసింది. చూసి నివ్వెరపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉగ్రపురి వడ్రంగులు ఆటపావును ఎదురుగా పెట్టుకుని దాన్నే తాటిచెట్టంత పెద్దది చేశారు! అదే పొట్టిచెయ్యి, అదే చదునైన పీఠం. ఆఖరికి పైదూలం నడుమ వేలు ఆనే గుంటను కూడా వదల్లేదు. మనిషి పడుకునేంత గుంట తొలిచి, దాని చుట్టూ తామరరేకులు చెక్కి, బంగారునీరు పోశారు. ఏ రాక్షసుడి బొటనవేలు ఆనాలో అక్కడ!

మొదటి రాయి లేచింది. పొట్టిచెయ్యి కదా, ఎంత దూరం విసురుతుంది? రాయి తాబేలులా ఎగిరి అగడ్తలో ధబ్బున పడింది. నీళ్ళు చిమ్మి ముందువరసలోని సాక్షులు తడిసిపోయారు. గోడల మీద జనం గొల్లున నవ్వారు.

ధూమ్రకేశుడి ముఖం కందగడ్డయింది. రెండో రాయి మీద బూడిద చల్లి మంత్రం ఊదాడు. ఆ రాయి రివ్వున వచ్చి ఇందీవర కాళ్ళ కింద గోడను గుద్దింది. బురుజు ఊగింది. దుమ్ము కమ్మేసింది. పక్కనున్న రాతిదిమ్మె ఒకటి ఊడి దొర్లిపోయింది. ఇందీవర బోర్లా పడి, జారి, గోడ అంచు పట్టుకుని వేలాడింది. కింద అగడ్తలో మొసళ్ళు నోళ్ళు తెరిచాయి. పళ్ళ బిగువున మోచేతులు ఆనించి పైకి పాకి మళ్ళీ నిలబడింది. గోడ మాత్రం కూలలేదు.

"ఒక్క రాయి తట్టుకో తల్లీ, ఒక్కటి!" అని కింద తిమ్మన్న పైపంచె నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు.

మూడో రాయికి మాంత్రికుడు సంచిలో బూడిద సగం దులిపేశాడు. రాయి ఏనుగంత అయింది. మోకులు మూలిగాయి. ఎడ్లు లాగుతున్నాయి. వజ్రకేతుడు యంత్రం కిందే నిలబడి బంట్లకు చెయ్యి వేస్తున్నాడు. నగారాలు దిక్కులు పగిలేలా మోగుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఇందీవరకు పైనుంచి కనిపించింది. పైదూలం వేలిగుంట దగ్గర చీలుతోంది! వెంట్రుకంత ఉన్న చీలిక చూస్తుండగానే జానెడు అయింది. కిందివాళ్ళకు అది కనబడదు. దూలం విరిగితే ఆ రాయి వాళ్ళ నెత్తినే పడుతుంది. వజ్రకేతుడు, పొట్టకూటికి వచ్చిన ఆ బంట్లు, కాడికి కట్టిన చిత్రాంగుడు, అందరూ పచ్చడైపోతారు.

"తప్పుకోండి!" అని ఆమె అరిచింది. నగారాల మోతలో ఆ అరుపు ఆమెకే వినబడలేదు. చేతులు ఊపింది. భయపడి ఊపుతున్నాడనుకుని బంట్లు కేరింతలు కొట్టారు. పరుగెత్తి వెళ్ళి చెప్పాలంటే గోడ దిగాలి. దిగితే కోట పోతుంది.

నగారాలను ఆపగలిగింది ఒక్కటే ఉంది. ఇందీవర తలపాగా విప్పేసింది!

విప్పి, నేలకు తగలనీయకుండా రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. ఓటమి ఒప్పుకుంటున్నాడనుకుని నగారాలవాళ్ళు టక్కున ఆగారు. మైదానమంతా చీమ చిటుక్కుమంటే వినబడేలా అయిపోయింది. నల్లత్రాచులాంటి జడ వీపు మీదికి జారింది. ఆ నిశ్శబ్దంలో రాకుమారి గొంతు ఖంగున మోగింది:

"వజ్రకేతూ! పైదూలం విరుగుతోంది! ఎడ్లను విడిపించండి, పారిపోండి!"

వజ్రకేతుడు తల ఎత్తాడు. ఆ క్షణంలో జడ సంగతి, రాచమర్యాద సంగతి అతనికి పట్టలేదు. కత్తి దూసి మోకులన్నీ టపటపా నరికి, ఎడ్ల వీపుల మీద చరిచి, బంట్లను మెడలు పట్టి నెట్టాడు. అందరికంటే చివర తాను దూకాడు. దూలం పెళపెళమని విరిగింది. ఏనుగంత రాయి వచ్చి యంత్రం మీదే పడింది. బంగారు తామరరేకులు పేలాల్లా ఎగిరిపోయాయి. దుమ్ము తగ్గాక చూస్తే ఒక్క ప్రాణికీ దెబ్బ తగల్లేదు.

ముందుగా తేరుకున్నది ధూమ్రకేశుడే. "తలపాగా తీసింది! ఓడిపోయింది! పైగా ఆడది, ఈ కోట రాజు కూతురు!"

"తీసింది. నేల పెట్టిందా?" అంది నాగసానమ్మ. ఇందీవర చేతుల్లో ఎర్రగుడ్డ గాలికి రెపరెపలాడుతోంది. "పెట్టలేదు. గోడ దిగలేదు. గోడా కూలలేదు. కాబట్టి వడిసెల బలం తగ్గించాను. ఇకమీదట పక్కన ఎద్దుపావు ఉంటేనే వడిసెల కదులుతుంది. ఎద్దును కోల్పోతే ఉన్నచోటే పడి ఉంటుంది. మరీ నిజమూ కాదు, మరీ అబద్ధమూ కాదు. మా అవ్వ ఉన్నా ఇదే చేసేది." తర్వాత గోడ వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది: "నువ్వే చెప్పు, ఎవరివమ్మా?"

"నీలగండం రాకుమారి ఇందీవరను. కట్టుబాటు తప్పాను. మా జనానికి వేరే దిక్కు లేక తప్పాను. శిక్ష నాకు వెయ్యండి, వాళ్ళకు వెయ్యకండి."

"నువ్వు ఇక పీట మీద కూర్చోకూడదు. అదే శిక్ష. ఆట మాత్రం ఆగదు. చాటించిన ఆటగాడు చిత్రాంగుడు వచ్చి ఆడాలి. ఎక్కడున్నాడు?"

గంగిరెద్దు గవ్వలు గలగలమనిపిస్తూ నడిచొచ్చి, పీట ముందు నిలబడి, మోకాళ్ళు వంచి ఆటపెద్దకు దండం పెట్టింది.

"ఇదేం పరాచికం! ఎద్దు ఆడుతుందా? అది చిత్రాంగుడు కాదు!" అని ధూమ్రకేశుడు గావుకేక పెట్టాడు.

నాగసానమ్మ కళ్ళు చికిలించింది. "అవునని ఎవరూ అనలేదే! అది చిత్రాంగుడని నేనన్నానా, వీళ్ళన్నారా? నీకే ఎందుకొచ్చింది నాయనా ఆ మాట? చిత్రాంగుడు ఏమయ్యాడో నువ్వు చెప్పు, వింటాం."

దొంగ దొరికిపోయాడు! మాంత్రికుడు తడబడుతూ మంత్రం గొణిగి బూడిదసంచిలో చెయ్యి పెట్టాడు. సాక్ష్యం లేకుండా ఎద్దును అక్కడికక్కడే రాయి చేసెయ్యాలనుకున్నాడో ఏమో, గుప్పెడు బూడిద విసిరాడు. మధ్యలోకి ఒకడు దూకాడు. వజ్రకేతుడు! తడబడిన మంత్రం, మిగిలిన బూడిద అతని గుండెల మీద పడ్డాయి. నల్లని పొగ కమ్మింది. ఆ పొగ మీదే ఎక్కి ధూమ్రకేశుడు ఉత్తరపు కొండల వైపు ఎగిరిపోయాడు.

పొగ విడిపోయింది. వజ్రకేతుడు లేడు. అతను నిలబడ్డ చోట కపిలవర్ణపు కోడె ఒకటి నిలబడి ఉంది. దాని కొమ్ముకు ఉగ్రపురి సేనాని తలపాగా వేలాడుతోంది.

ఇసుకవేదికకు అటొక ఎద్దు, ఇటొక ఎద్దు.

"ఎత్తు ఉగ్రపురిది," అంది నాగసానమ్మ.

కపిలఎద్దు తన వైపున్న వడిసెలలను చూసింది. గోడల మీద మూటలు కట్టుకుని, బిడ్డల్ని చంకనేసుకుని నిలబడ్డవాళ్ళను చూసింది. తర్వాత బురుజు మీద జడతో నిలబడ్డ ఇందీవరను చూసింది. ఏ పావునూ ముట్టుకోలేదు. మెల్లగా ముందుకాళ్ళు వంచి, తల దించి, కొమ్మునున్న తలపాగాను జాగ్రత్తగా ఇసుక మీద పెట్టింది.

క్షణం సేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నీలగండమంతా హోరెత్తిపోయింది. గోడల మీద మూటలు విప్పి గాలిలోకి ఎగరేస్తున్నారు. ఎవరి చీర ఎవరి నెత్తిన పడుతోందో తెలియడం లేదు.

ఇందీవర మెట్లన్నీ దూకుతూ దిగివచ్చి కపిలఎద్దు మెడ కౌగిలించుకుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. "నువ్వు గెలిచిన ఆటలన్నిటికంటే ఇదే గొప్ప ఆటయ్యా! నిన్ను మళ్ళీ మనిషిని చెయ్యకపోతే నేను నీలగండం ఆడపడుచునే కాను. ఆ మాయలఫకీరును పట్టుకుని వాడి చేతే చేయిస్తాను. వస్తావా?"

కపిలఎద్దు ఒక్కసారి ఉగ్రపురి దారి వైపు చూసింది. తర్వాత నిలువుగా తలూపింది.

"బాగానే ఉంది సంబడం!" అని తిమ్మన్న కళ్ళు తుడుచుకుంటూ రెండు పగ్గాలూ అందుకున్నాడు. "ఒక్క ఎద్దుకే మేత తేలేక నా నడుం పడిపోయింది. ఇప్పుడు రెండోవారు కూడా సిద్ధం. పైగా ఈయన సేనాధిపతిగారు, ఎండుగడ్డి ముట్టుకుంటారో లేదో!"

అతని మాట పూర్తికాలేదు. ఉత్తరపు కొండల మీద ఆగిన నల్లపొగ, వెనక్కి తిరిగి, రెండు రెక్కలు చాచింది.